ఓటు, సర్వే: పౌరుల మనసు ఎందులో ఎక్కువగా తెలుస్తుంది?

నాయకత్వం, భద్రత, ప్రభుత్వ సేవల గురించి పౌరులు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి ఎన్నిక ఒక దారి, నమూనా సర్వే మరో దారి. ఓటుకు అధికారాన్ని మార్చే శక్తి ఉంది, సర్వేకు లేదు. అయితే నాయకుడు నచ్చినా ఆసుపత్రిలో మందులు దొరక్క విసిగిపోయిన మనిషి ఆ రెండు మాటలనూ ఒకే ఓటులో చెప్పలేడు. సర్వే ఒక్కో విషయాన్నీ విడదీసి అడుగుతుంది. యాదృచ్ఛికంగా ఎంచుకున్న వెయ్యి మందితో మాట్లాడినా లెక్కలో తేడా సాధారణంగా 3 శాతానికి అటూ ఇటూగానే ఉంటుంది. ఎంపిక సరిగా లేకపోతే మాత్రం ఎంతమందిని అడిగినా ఫలితం లేదు: 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు ఒక పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు సేకరించి అభ్యర్థి లాండన్ గెలుస్తాడని చెప్పింది, తీరా చూస్తే ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు.

సర్వేకున్న అసలు బలహీనత భయం. గుమ్మం ముందు కాగితం పట్టుకుని నిలబడ్డ అపరిచితుడి ఎదుట పోలీసుల గురించి ఎవరు నోరు విప్పుతారు? అందుకే కొందరికి మూడు వాక్యాలు, మరికొందరికి సున్నితమైన అంశాన్ని కూడా చేర్చి నాలుగు వాక్యాలు చదివి, ఎన్నింటితో ఏకీభవిస్తారో సంఖ్య మాత్రమే చెప్పమంటారు. ఎవరు దేనికి ఒప్పుకున్నారో బయటపడదు, కానీ ఆ సున్నితమైన అంశంతో ఎంత శాతం మంది ఏకీభవిస్తారో రెండు బృందాల సగటుల మధ్య తేడాలో తెలుస్తుంది. సేవల సంగతికి నేను సర్వేనే నమ్ముతాను. భయం ఉన్నచోట నాయకుడిపై తీర్పుకు మాత్రం ఓటునే నమ్ముతాను, అది నిజంగా రహస్యంగా ఉంటేనే.