ఆయుధ శాస్త్రవేత్తలు చేజారకుండా: కాపలా మేలా, జీతం మేలా?

సోవియట్ యూనియన్ కూలాక జీతాలు అందని ఆయుధ శాస్త్రవేత్తలు వేరే దేశాలకు ఆయుధాలు చేసిపెట్టకుండా ఆపడమెలా అన్న ప్రశ్న వచ్చింది. 1992లో మాస్కో విమానాశ్రయంలో రష్యన్ క్షిపణి నిపుణులు కొందరిని అధికారులు ఆపేశారు. రష్యాలోని మియాస్ నగరం నుంచి భార్యాబిడ్డలతో సహా ఉత్తర కొరియాకు బయలుదేరినవాళ్లు. జలాంతర్గాముల క్షిపణులు తయారుచేసే సంస్థలో పనిచేసినవాళ్లు. మొదటి దారి ఈ కాపలా. అది లేకపోతే ఆ రోజు విమానం ఎక్కేసేవారే, కాబట్టి దాన్ని తీసిపారేయలేం. కానీ వెనక్కి పంపిన మనిషికి ఇల్లు గడిచేదెలా? పైగా ఒంట్లోని విద్యను ఏ తనిఖీ పట్టుకుంటుంది?

జీతం ఆగితే ఏమవుతుందో 1996 అక్టోబరులో రష్యాలోని స్నెజిన్స్క్ అనే ఊరు చూపించింది. అక్కడి అణ్వాయుధ పరిశోధన కేంద్రం డైరెక్టర్ వ్లదీమిర్ నెచాయ్ తన ఆఫీసులోనే తుపాకీతో కాల్చుకుని చనిపోయారు. సిబ్బందికి నెలల తరబడి జీతాలు అందలేదు. దేశానికి అణుబాంబులు చేసిపెట్టిన ఊరికి ఆ గతి పట్టిందంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

రెండో దారి గ్రాంటు. అమెరికా, యూరప్, జపాన్, రష్యా కలిసి పెట్టుకున్న అంతర్జాతీయ శాస్త్ర సాంకేతిక కేంద్రం 1994లో మాస్కోలో పని మొదలుపెట్టింది. ఆయుధాలతో సంబంధం లేని పరిశోధనకు డబ్బిచ్చేది. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది: శాస్త్రవేత్తల పారితోషికం పన్ను కోత లేకుండా నేరుగా వాళ్ల ఖాతాల్లోనే పడేది. మధ్యలో వాళ్లు పనిచేసే సంస్థ చేయి తగలదు. తర్వాత 602 మంది రష్యన్ శాస్త్రవేత్తలను అడిగిన ఒక సర్వేలో ఐదోవంతు మంది ఉత్తర కొరియా, ఇరాన్ లాంటి దేశాల్లో పనిచేసే ఆలోచన చేస్తామన్నారు. పాశ్చాత్య గ్రాంటు అందుకున్నవాళ్లలో ఆ మొగ్గు తక్కువ.

వీసా ఇచ్చి పిలిపించుకోవడం మూడోది. అమెరికా 1992 చట్టంతో 750 మందికి వీలు కల్పించింది. వేలమంది ఉన్నచోట అది ఏ మూలకు?

ఇక పౌర పరిశ్రమల్లో ఉద్యోగాలు. వినడానికి ఇదే శాశ్వత మార్గం, కానీ నెమ్మది. మనుషుల ఎంపికలోనూ పొరపాట్లు జరిగాయి. అమెరికా ఇంధన శాఖ ఇందుకోసం నడిపిన పథకాన్ని అక్కడి ఆడిట్ సంస్థ పరిశీలిస్తే, చూసిన ప్రాజెక్టుల్లో డబ్బందుకున్నవాళ్లలో సగానికి పైగా తమకు ఆయుధాల అనుభవం ఉందని చెప్పుకోనివాళ్లే.

నా ఓటు గ్రాంటుకే, అదీ జీతం ఆగిన మొదటి నెలలోనే. గ్రాంటు గడువు ముగిసేలోపు ఉద్యోగం సిద్ధం కావాలి. కాపలా ఆ రెండింటికీ తోడుగా ఉండాలి. రష్యా తప్పుకున్నాక 2015లో మాస్కోలోని ఆ అంతర్జాతీయ కేంద్రం కజకిస్తాన్‌లోని అస్తానాకు తరలిపోయింది. స్నెజిన్స్క్ మాత్రం ఉన్నచోటే ఉంది.