గోల్డ్ బాండ్ ధర గ్నూక్యాష్‌లోకి ఎక్కణ్ణుంచి తేవాలి?

సావరిన్ గోల్డ్ బాండ్లు (బంగారం గ్రాముల లెక్కన ప్రభుత్వం తరఫున ఆర్‌బీఐ ఇచ్చినవి) ఉన్నవాళ్లు గ్నూక్యాష్ అనే ఉచిత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లెక్క రాసుకోవడం మొదలుపెడితే ముందు తగిలే చిక్కు ధరే. మూడు దారులున్నాయి. బాండ్‌ని మధ్యలో అమ్ముతారా, ఎనిమిదేళ్లూ ఉంచుతారా అన్నది ముందు తేల్చుకోండి.

అన్నిటికన్నా తేలిక ఎక్స్ఛేంజ్ ధర. గ్నూక్యాష్ ధరలు తెచ్చేది ఫైనాన్స్ కోట్ అనే ప్రోగ్రామ్‌తో; అది పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో రాసింది. సెక్యూరిటీ ఎడిటర్‌లో బాండ్ సింబల్ ఇచ్చి, ఎన్‌ఎస్‌ఈ ధరలిచ్చే సోర్స్ ఎంచుకుంటే పనైపోయింది. కానీ చాలా సిరీస్‌లలో (ఒక్కో విడతగా ఇచ్చిన బాండ్లు) కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ తక్కువ. ఎవరో అవసరానికి రెండు గ్రాములు తెగనమ్మితే, మీ పదేళ్ల పొదుపు విలువ కూడా ఆ రోజు స్క్రీన్ మీద పడిపోతుంది. ఊరికే టెన్షన్.

గడువు తీరాక ఆర్‌బీఐ చెల్లించే ధర వేరు. బంగారం వర్తకుల సంఘం ఐబీజేఏ ప్రకటించే 999 స్వచ్ఛత బంగారం ముగింపు ధరకు మూడు పనిదినాల సగటు అది. 2015లో గ్రాము రూ.2,684కి ఇచ్చిన తొలి సిరీస్‌కు మాత్రం 2023 నవంబర్‌లో రూ.6,132 ఇచ్చింది అంతకు ముందటి వారం సగటు లెక్కన. రెండో దారి, ఐబీజేఏ రేటు చదివే సొంత మాడ్యూల్ పెర్ల్‌లో రాసి ఫైనాన్స్ కోట్‌కి తగిలించడం. రాయడం సరదాగానే ఉంటుంది, కాకపోతే వెబ్‌సైట్ రూపు మారిన ప్రతిసారీ మళ్లీ మొదటికొస్తుంది.

చివరిది, అదే రేటును సీఎస్‌వీ ఫైల్లో (కామాలతో విడదీసిన పట్టిక) రాసి దిగుమతి చేసుకోవడం. ఉంచుకునేవాళ్లకు నా ఓటు దీనికే. అదీ ఏడాదికి రెండుసార్లు, వడ్డీ పడ్డ రోజున. ఐదో ఏడాది దాటాక ముందుగా ఆర్‌బీఐకి తిరిగిచ్చే అవకాశం కూడా వడ్డీ తేదీల్లోనే కాబట్టి, ధర తెలియాల్సింది అప్పుడే. వడ్డీకైతే దాంతో పనే లేదు: 2.5 శాతం లెక్కించేది కొన్నప్పటి ఇష్యూ ధర మీద. ఇష్యూ ధర రూ.6,263 ఉన్న సిరీస్‌కు ఆరు నెలలకు గ్రాముకి సుమారు రూ.78.

ఒక్క జాగ్రత్త. పేపర్లో వచ్చే హైదరాబాద్ రేటో, సికింద్రాబాద్ పాట్ మార్కెట్ కొట్లో చెప్పిన రేటో ఎక్కించకండి. అవి నగలు కొనేవాళ్ల కోసం. పైగా పేపర్లో సాధారణంగా ఉండేది పది గ్రాములకు, బాండ్ ఒక్కో గ్రాముకు. సున్నా తీయడం మరిస్తే కాగితం మీద కోటీశ్వరులే!

ఆర్‌బీఐ ఫ్లోటింగ్ రేట్ సేవింగ్స్ బాండ్లకైతే ఈ తంటా ఏదీ లేదు. మార్కెట్లో అమ్మేవి కావు కనుక వాటికి రోజువారీ ధరే ఉండదు. మామూలు రూపాయల ఖాతాగా పెట్టి, జనవరి 1న, జూలై 1న వచ్చే వడ్డీ రాసుకుంటే సరిపోతుంది.