దుబాయ్-హైదరాబాద్: ఇంటికి వచ్చే దారే దగ్గర

బేగంపేట విమానాశ్రయం రోజుల నుంచి ఈ దారిలో తిరుగుతున్నాను. దూరం సుమారు 2,550 కిలోమీటర్లు, అటూ ఇటూగా మూడున్నర నుంచి నాలుగు గంటలు. ఇది అందరికీ తెలిసిందే. నాకు ఈ ప్రయాణంలో బాగా నచ్చేది ఒక్కటే. చలికాలంలో దుబాయ్ వెళ్ళడానికి పట్టినంత సేపు ఇంటికి రావడానికి పట్టదు. అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కలిసొస్తుంది.

గడియారం చూస్తే ఇది తెలియదు. మన టైము గంటన్నర ముందుంటుంది కాబట్టి వచ్చేటప్పుడే ఎక్కువ సేపైనట్టు అనిపిస్తుంది. గాల్లో ఉన్న సమయం లెక్కపెట్టుకోవాలి. ఆ నెలల్లో విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి గాలి గట్టిగా వీస్తుంది. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి.

దాని విలువ చెల్లెలి పెళ్ళప్పుడు తెలిసింది. మాఘమాసం, ముహూర్తం పొద్దున తొమ్మిదింటికి, జగిత్యాలలో. నాకు సెలవు దొరికింది ముందు రోజు రాత్రికే. అందరం ఎక్కి కూర్చున్నాక ఏదో రిపేరు అన్నారు. గంట దాటినా విమానం కదల్లేదు. నాన్న ఫోన్ చేసి, "యాడిదాక వచ్చినవ్ బిడ్డా?" అన్నాడు. ఇంకా దుబాయ్‌లోనే ఉన్నానని చెప్పడానికి నోరు రాలేదు. "వస్తున్న నాయినా" అని పెట్టేశాను. శంషాబాద్‌లో దిగాక కూడా రాజీవ్ రహదారి మీద, కరీంనగర్ మీదుగా, 200 కిలోమీటర్లకు పైనే పోవాలి. ఒకటే టెన్షన్.

సముద్రం మీదికి వచ్చాక ఎదుటి స్క్రీన్‌లో వేగం గంటకు 1,000 కిలోమీటర్లు దాటింది. వెళ్ళేటప్పుడు అంత వేగం ఎప్పుడూ చూడలేదు. ఆ అంకె మీంచి చూపు తిప్పలేదు. మూడింటికి దిగాల్సిన విమానం నాలుగు కాకముందే దిగింది. కారు ఎక్కడా ఆపనివ్వలేదు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు చెల్లెలి వెనకే నిలబడి ఉన్నాను. ఆ అరగంట కలిసి రాకపోతే దారిలోనే ఉండేవాణ్ణి.

ఏడాది పొడవునా ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోవద్దు. జూలై, ఆగస్టులో మన వైపు పైగాలి తిరగబడి తూర్పు నుంచి వీస్తుంది. అప్పుడు వచ్చేటప్పుడు కలిసొచ్చేది ఉండదు, వానమబ్బులను తప్పించుకుంటూ చుట్టు తిరిగితే ఇంకాస్త ఆలస్యమే. చలికాలంలోనైనా, ఒకేసారి నాలుగు విమానాలు దిగితే మిగిలిన అరగంట సామాను బెల్టు దగ్గరే పోతుంది.

నాలాగా దిగాక మళ్ళీ నాలుగు గంటలు రోడ్డు మీద పోయేవాళ్ళకు ఈ అరగంట పెద్దదే. హైదరాబాద్‌లోనే ఇల్లున్నవాళ్ళకు అంత పట్టింపు ఉండకపోవచ్చు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అయితే నేను రాత్రి విమానమే ఎక్కుతాను. వానాకాలంలో ఇంట్లో శుభకార్యం ఉంటే ఒక రోజు జీతం పోయినా సరే, ఇంకో రోజు ముందే బయల్దేరుతాను.