వేలిముద్ర పడలేదు, మళ్లీ పెట్టమంటే ఆగండి: మా అమ్మ ఖాతాలో 10,000 పోయాయి

ఆధార్ మిషన్‌తో డబ్బులు తీసే మినీ బ్యాంకుకు ఇంట్లో పెద్దవాళ్లను ఒంటరిగా పంపేవాళ్లు దయచేసి చదవండి. పొద్దున పాస్‌బుక్ ఎంట్రీ వేయించాక తెలిసింది. ఇంకా చేతులు వణుకుతున్నాయి.

పోయిన వారం పీఎం కిసాన్ 2,000 పడ్డాయని అమ్మ వెళ్లింది. వేలు పెట్టింది. "పడలేదు పెద్దమ్మా, పని చేసి చేసి నీ వేళ్లు అరిగిపోయాయి, మళ్లీ పెట్టు" అన్నాడట మినీ బ్యాంకు నడిపేవాడు. అమ్మ వేలిని చెంగుకు గట్టిగా తుడుచుకుని మళ్లీ పెట్టింది. తప్పు తన వేలిదే అనుకుంది. నాట్లు వేసి, కలుపు తీసిన చేతులు. రేషన్ దగ్గరా ఒక్కసారికి ముద్ర పడదు. ఇంక అనుమానం ఎందుకొస్తుంది? 2,000 చేతిలో పెట్టాడు. స్లిప్ అడిగితే పేపర్ అయిపోయిందన్నాడు.

పాస్‌బుక్‌లో ఒకే తేదీన రెండు లైన్లు. 10,000. దాని కింద 2,000. మొదటి ముద్ర పడింది!

నేను వెళ్లి అడిగితే కంప్యూటర్ మీంచి తల కూడా తిప్పలేదు. "వేలు పెట్టింది మీ అమ్మే కదా. మొత్తం ఇచ్చేశాను. వయసైపోయింది, మర్చిపోయి ఉంటుంది" అన్నాడు. అమ్మ పక్కనే ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "నిజంగానే మర్చిపోయానేమోరా" అని నన్నే అడిగింది.

తప్పు నాదీ ఉంది. ఇలా తీసే డబ్బుకు పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర చాలు. ఒక్కసారికి 10,000 వరకు తీయొచ్చు. మెసేజ్ వచ్చుంటే అప్పుడే తెలిసేది. ఖాతాకున్నది ఎప్పుడో ఆగిపోయిన సిమ్ నంబరు. మార్పిస్తా, మార్పిస్తా అంటూ రెండేళ్లు గడిపేశాను. పైగా స్క్రీన్ వాడి వైపే ఉంటుంది. చదువురాని మనిషి అక్కడ ఎంత కొట్టాడో ఎలా చూసుకుంటుంది? ఊరూరా ఈ మిషన్లు పెట్టినవాళ్లు ఈ ఒక్కటీ ఆలోచించాల్సింది.

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాం, బ్యాంకులో రాసిచ్చి రసీదు తీసుకున్నాం. వారం ఆలస్యమైంది, ఏమవుతుందో చూడాలి. మీరు పాస్‌బుక్ ఇవాళే ఎంట్రీ వేయించండి. ఆధార్ యాప్‌లో వేలిముద్ర పనిచేయకుండా బయోమెట్రిక్ లాక్ చేసుకోవచ్చు, రేషన్ రోజు తీసి మళ్లీ వేసుకోవచ్చు. ముద్ర పడలేదంటే, ఫెయిలైన స్లిప్ చేతికొచ్చాకే రెండోసారి వేలు పెట్టమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.