రాబర్ట్ హుడ్ 'మినిమల్ నేషన్': సమీక్ష

అతి తక్కువ ధ్వనులతో నడిచే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతమైన మినిమల్ టెక్నో ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలనుకునేవారు ముందుగా వినవలసిన రికార్డు, డెట్రాయిట్ సంగీతకారుడు రాబర్ట్ హుడ్ 1994లో తోటి టెక్నో సంగీతకారుడు జెఫ్ మిల్స్‌కు చెందిన యాక్సిస్ రికార్డు సంస్థ ద్వారా విడుదల చేసిన 'మినిమల్ నేషన్'. అంతకు ముందు వీరిద్దరూ మైక్ బ్యాంక్స్‌తో కలిసి అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ బృందంలో పనిచేశారు. రేవ్ (రాత్రంతా సాగే నృత్య వేడుక) వేదికల మీద టెక్నో నానాటికీ వేగాన్నీ మోతనూ పెంచుకుంటూ పోతున్న ఆ రోజుల్లో, హుడ్ అందుకు ఎదురుదారి పట్టి, డ్రమ్ మెషిన్, సింథసైజర్ వంటి కొద్దిపాటి పరికరాలతో, కాళ్లను కదిలించడానికి ఎన్ని ధ్వనులు కావాలో అన్నిటినే ఉంచుకున్నారు.

అలా తీసేయగా మిగిలింది బోసిగా ఉంటుందేమోనన్న అనుమానం ఇందులోని 'మ్యూజియం' పాట వింటే తీరిపోతుంది. చిన్న సింథ్ వరస ఒకటి అదే పనిగా తిరుగుతూ ఉంటుంది. స్వరాలు అవే అయినా నాదం మాత్రం నెమ్మదిగా రంగు మారుతూ ఉంటుంది, దాంతో చెవి అలవాటుపడి హై హ్యాట్ (డ్రమ్స్‌లోని చిన్న తాళాల చప్పుడు) వచ్చి చేరడాన్ని కూడా గమనించడం మొదలుపెడుతుంది. దరువులో ఊపు ఎక్కడా సడలదు. తర్వాతి కాలంలో మినిమల్ పేరుతో వచ్చిన సంగీతంలో చాలా భాగం ధ్వనులను తగ్గించడం నేర్చుకుంది గానీ ఈ ఊపును అందుకోలేదని నా అభిప్రాయం.

ఇది ప్రధానంగా డీజేల కోసం చేసిన రికార్డు కాబట్టి, ఇంట్లో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా ఒకే విడతలో వినేవారికి కొంత బరువుగా అనిపించవచ్చు. అటువంటివారు అదే ఏడాది బెర్లిన్‌లోని ట్రెసార్ సంస్థ తెచ్చిన హుడ్ ఆల్బమ్ 'ఇంటర్నల్ ఎంపైర్'తో మొదలుపెట్టడం మేలు. దేనితో మొదలుపెట్టినా ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినవద్దు, ఎందుకంటే ఉన్న నాలుగు ధ్వనుల్లో కింది స్థాయి బాస్ వినబడకపోతే పాటలో సగం పోయినట్టే.

హుడ్ తర్వాత క్రైస్తవ బోధకులయ్యారు. కుమార్తె లిరిక్‌తో కలిసి ఫ్లోర్‌ప్లాన్ పేరుతో చేస్తున్న సంగీతంలో గాస్పెల్ (క్రైస్తవ భక్తి సంగీతం) గళాలు ధారాళంగా వినిపిస్తాయి, అయినా వాటి కింద నడిచే దరువులో 1994 నాటి పొదుపే కనిపిస్తుంది. 'మినిమల్ నేషన్'ను 2009లో ఆయన సొంత సంస్థ ఎం-ప్లాంట్ మళ్లీ విడుదల చేసింది. వినడమే ముఖ్యమనుకునేవారు తొలి ముద్రణ కోసం వెతకకుండా దానినే తీసుకోవచ్చు.