హైదరాబాద్‌లో హెల్తీ ఫాస్ట్‌ఫుడ్: సలాడ్ బౌల్ నుంచి జొన్న రొట్టె దాకా

ఇది ఒక్క హోటల్ రివ్యూ కాదు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి చుట్టూ హెల్తీ అని బోర్డు పెట్టుకున్న చోట్ల నేను తింటున్న తిండి గురించి మొత్తం కలిపి రాస్తున్నా. మా ఆఫీసు అటే, క్యాంటీన్ బోర్ కొడితే బయటే తినాలి, రోజూ బిర్యానీ అంటే అయ్యే పని కాదు. నాకు షుగర్ లేదు గానీ నాన్నకి ఉంది, దాంతో ప్లేట్‌లో ఏముందో చూసి తినడం ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. ఓపిక లేనోళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తా: ఏసీ పెట్టి గోడ మీద అవకాడో బొమ్మ వేసుకున్న షాపుల కన్నా, శ్రద్ధగా నడిపే మిల్లెట్ టిఫిన్ సెంటర్, సాయంత్రం రోడ్డు పక్కన కాల్చే జొన్న రొట్టె చాలా నయం, రేటులోనూ కడుపు నిండటంలోనూ. సలాడ్ షాపుల్లో మంచి తిండి లేదని కాదు, ఉంది, కాకపోతే నోరు తెరిచి అడిగి చేయించుకోవాలి.

ముందు సలాడ్ బౌల్స్ సంగతి. వీటిల్లో చాలావరకు కూర్చుని తినే హోటళ్లే కావు, లోపల ఒక కిచెన్, బయట బైకుల మీద డెలివరీ అబ్బాయిలు, అంతే. కొన్నింటికి మాత్రం చిన్న కౌంటరు, ఎత్తు స్టూళ్లు ఉంటాయి. చికెన్ బౌల్ 300 నుంచి 400 దాకా, పనీర్ అయితే కాస్త తక్కువ, అవకాడో వేయమంటే దానికి వేరే డబ్బులు. మొన్న ఒక చోట (పేరు అనవసరం, ఇలాంటివి బోలెడు) చికెన్ బౌల్ తీసుకుని మూత తీసి ఏ ముక్కకి ఆ ముక్క మూతలో వేరు చేసి చూశా, పక్క స్టూల్ అమ్మాయి వింతగా చూసింది, చూడనీ. పైకి కనిపించేదంతా ఐస్‌బర్గ్ లెట్యూస్, అంటే దాదాపు నీళ్లే. కింద గుప్పెడు స్వీట్ కార్న్, కీర చక్రాలు, రంగు కోసం ఎర్ర క్యాబేజీ తురుము, సగానికి కోసిన చెర్రీ టొమాటోలు, చికెన్ ఏడు ముక్కలు, అవీ పెన్సిల్ మందాన. ఇక అడుగున తెల్లగా చిక్కగా డ్రెస్సింగ్ మడుగు కట్టి ఉంది, కార్న్ గింజలు అందులో ఈదుతున్నాయి.

అసలు కథంతా ఆ మడుగులోనే. ఒక టేబుల్ స్పూన్ మయొనీజ్ అంటే సుమారు 90 నుంచి 100 క్యాలరీలు, అందులో దాదాపు అన్నీ నూనె నుంచి వచ్చేవే. మూడు నాలుగు స్పూన్లు పడిందంటే ఆకుల బౌల్‌కి డ్రెస్సింగ్ ఒక్కటే 270 నుంచి 400 క్యాలరీల దాకా కలుపుద్ది. మన దగ్గర 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు పచ్చిగుడ్డుతో చేసే మయొనీజ్‌ని ప్రభుత్వం నిషేధించింది గుర్తుందిగా, అప్పట్నుంచి చాలా షాపులు ఎగ్‌లెస్ అని గొప్పగా బోర్డులు పెట్టాయి. గుడ్డు తీసేస్తే ఫుడ్ పాయిజన్ భయం తగ్గుద్ది సరే, నూనె ఎక్కడికి పోద్ది?

అందుకే నేను చేసేదల్లా డ్రెస్సింగ్ వేరే కప్పులో ఇమ్మనడం. కౌంటర్ అబ్బాయి "సార్, మిక్స్ చేస్తేనే టేస్ట్ వస్తది సార్" అంటాడు. "కప్పులో ఇవ్వు తమ్ముడూ, నేను కలుపుకుంటా" అంటే మొహం అదోలా పెడతాడు గానీ ఇస్తాడు. ఆ కప్పులో సగం మిగిలిపోద్ది, రుచిలో పెద్ద తేడా ఏం తెలీదు. గట్టి పెరుగుతో చేసిన డ్రెస్సింగ్ గానీ ఉత్త నిమ్మరసం మిరియాలు గానీ ఉందేమో అడగండి, చాలా చోట్ల ఉంటుంది, మెనూలో రాయరు అంతే.

ఈ బాపతులో నాకు నిజంగా నచ్చింది కొండాపూర్‌లో ఒక సందులో భార్యాభర్తలు నడిపే చిన్న షాపు. వాళ్ల బౌల్‌లో ఉడికించిన అలసందలు, సెనగలు, ముల్లంగి ముక్కలు, దానిమ్మ గింజలు, వేయించిన పల్లీలు, కొత్తిమీర, పైన నిమ్మకాయ పిండి ఇస్తారు, 160 రూపాయలు. మన దేవీ నవరాత్రుల గుగ్గిళ్లకి కాస్త సోకు చేసినట్టు ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి తింటే సాయంత్రం టీ టైం దాకా మళ్లీ ఆకలి అనలేదు, అదే లెట్యూస్ బౌల్ తిన్న రోజు మూడింటికే సమోసా గుర్తొస్తది. ఒకే ఒక్క కంప్లైంట్, ముల్లంగి వాసన మీటింగ్‌కి వెళ్లే ముందు కాస్త ఆలోచించుకోవాల్సిన విషయం.

మెనూలో క్యాలరీలు రాసుంటాయి కదా అంటారా. రూలు ఉంది. పది లేదా అంతకన్నా ఎక్కువ బ్రాంచీలు ఉన్న హోటళ్లు, సెంట్రల్ లైసెన్స్ (కేంద్రం ఇచ్చే ఫుడ్ లైసెన్స్) ఉన్నవాళ్లు ప్రతి ఐటం పక్కన క్యాలరీలు వేయాల్సిందే, 2022 జూలై నుంచి అమల్లో ఉంది, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన రూలు. చిన్న షాపులకి ఇది వర్తించదు, అయినా సరదాగా వేసుకుంటారు, 32 గ్రాముల ప్రోటీన్, 410 క్యాలరీలు అని. ఒక చోట ఆ 410 డ్రెస్సింగ్‌తో కలిపా, లేకుండానా అని అడిగితే లోపల నుంచి ముగ్గురు వచ్చి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఆఖరికి "వితౌట్ సార్" అన్నారు, అది కూడా ఊహించి చెప్పినట్టే ఉంది. నాకైతే ఈ అంకెల కన్నా మన తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ల ప్లేట్ లెక్క సుఖం. రోజు మొత్తం తిండిలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు, దుంపలు ఉండాలి, ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదు, మిగతాది పప్పులు, గుడ్లు, మాంసం, పాలు, గింజలు వగైరా. కంటితో కొలిచేయొచ్చు. ఆ లెక్కన చూస్తే మామూలు సలాడ్ బౌల్ కూరగాయల్లో పాస్, పప్పుల్లో ఫెయిల్.

సబ్‌వే లాంటి శాండ్‌విచ్ షాపుల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, అందరికీ తెలిసిందే. కళ్ల ముందే చేస్తారు, కూరలు ఏవి కావాలంటే అవి వేయించుకోవచ్చు, సాస్ వద్దంటే మానేస్తారు, ఆ ఒక్క సౌకర్యం మాత్రం గొప్పది. 15 సెంటీమీటర్లది నాకు చాలదు, 30 సెంటీమీటర్లది తింటే అంత బ్రెడ్ ఎందుకు తిన్నానా అనిపిస్తది.

ఇప్పుడు మిల్లెట్ హోటళ్లు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించింది, అడిగింది మన దేశమే. ఆ ధాన్యాల మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ కూడా మన రాజేంద్రనగర్‌లోనే ఉంది. ఇక చూస్కోండి, ఆ ఏడాది నుంచి గల్లీకో మిల్లెట్ బోర్డు లేచింది. కొన్ని నిజంగా బాగున్నాయి, కొన్ని పేరుకే.

బాగున్నదానికి ఉదాహరణ, గచ్చిబౌలి వైపు నేను ఎక్కువగా వెళ్లే టిఫిన్ సెంటర్లో కొర్ర పొంగలి. కొర్రలు సరిగ్గా నానకపోతే ఎంత ఉడికించినా గొంతులో గరగరలాడతాయి, నీళ్లు తాగితే గానీ దిగవు. వీళ్లు రాత్రే నానేస్తారట, అది తింటుంటేనే తెలుస్తది, గింజ మెత్తగా ఉంటుంది కానీ ముద్దైపోదు, పెసరపప్పు కంటికి కనపడేంత పడుద్ది, మిరియాలు దంచినవి, అల్లం తగులుతూ ఉంటుంది. నెయ్యి వడ్డించే ముందు "వేయమంటారా అండీ" అని అడుగుతారు, ఈ ఒక్క ప్రశ్న అడిగే హోటల్ అంటే నాకు గౌరవం. పక్కన పల్లీ చట్నీ, సాంబారు. 80 రూపాయలు. ఆదివారం అయితే టోకెన్ తీసుకుని అరగంట నిలబడాలి, అది మాత్రం నరకం, పార్కింగ్ అసలే లేదు.

పేరుకే మిల్లెట్ అని పెట్టేవి ఎలా ఉంటాయంటే, రాగి దోసె అని ఇస్తారు, చూస్తే బంగారు రంగులో కరకరలాడుతూ ఉంటుంది. రాగి పిండి అంత పడితే దోసె నల్లగానే వస్తది కదండీ, చల్లారితే మెత్తబడి ఒంగిపోద్ది, పావుగంట అయినా అప్పడంలా విరుగుతుందంటే అందులో బియ్యప్పిండిదే రాజ్యం. రాగి సంగటి కూడా అంతే. సంగటిలో బియ్యం వేయడం పద్ధతే, రాయలసీమ ఇళ్లల్లోనూ వేస్తారు, తప్పు కాదు, కానీ కొన్ని హోటళ్లలో ముద్ద విప్పితే అన్నం మెతుకులే ఎక్కువ, పైన ఏదో రాగి పూసినట్టు లేత గోధుమ రంగు. రాగులు తినేదే కాల్షియం కోసం, వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైన ఉంటుంది, బియ్యంలో అదెక్కడిది. ఇక మిల్లెట్ నూడుల్స్, మిల్లెట్ పిజ్జా జోలికి నేను పోను, సూపర్ మార్కెట్లో ఆ ప్యాకెట్లు తిప్పి వెనక చదవండి, చాలా వాటిల్లో మైదానో గోధుమ పిండో ముందు వరసలో ఉంటుంది. బెల్లం వేసిన కొర్ర లడ్డూ షుగర్ ఉన్నోళ్లకి పర్లేదు అని కౌంటర్లో చెప్తుంటారు, నాన్నతో వెళ్లినప్పుడు ఒకాయన అలాగే చెప్పాడు, దండం పెట్టి బయటికొచ్చాం. బెల్లం కూడా చక్కెరేనయ్యా బాబూ.

ఇంకో మాట, కొర్రలైనా సామలైనా అవీ ధాన్యాలే. ప్లేటు నిండా సామల పులిహోర పెట్టి చెంచాడు కూర పెడితే పిండి పదార్థం ఎక్కువైపోయినట్టే, కాకపోతే తెల్లన్నం కన్నా పీచు ఎక్కువ ఉంటుంది. సలాడ్ షాపు ఎక్కడ ఫెయిలో చెప్పానుగా, ఇవి అక్కడ కాదు, కూరగాయల దగ్గర ఫెయిల్. నేను మిల్లెట్ మీల్స్ తింటే రైస్ ఐటం సగం చేసి రెండు కూరలు ఎక్కువ అడుగుతా, అదనంగా 30, 40 తీసుకుంటారు, ఇచ్చేస్తా.

అన్నిట్లోకీ నా ఓటు జొన్న రొట్టెలకే. సాయంత్రం ఆరు దాటితే కొండాపూర్, కూకట్‌పల్లి, అమీర్‌పేట ఎటు చూసినా రోడ్డు పక్కన పొయ్యిలు వెలుగుతాయి. మా ఆఫీస్ దగ్గర్లో ఒకావిడ వేడి నీళ్లతో పిండి కలిపి, అరచేత్తో తట్టుకుంటూ తిప్పుతుంటే చూస్తూ నిలబడిపోవచ్చు, పెనం మీద వేశాక పైన తడిబట్టతో అద్ది, తిరగేసి, ఆఖర్న మంట మీద పెడితే పొంగుద్ది. నూనె చుక్క కూడా పడదు. రొట్టె 20 రూపాయలు. ఒకసారి అడిగా, "అక్కా, గోధుమ పిండి కలుపుతున్నారా ఇందులో?" అని. ఆవిడ చెయ్యి ఆపకుండానే "గోధుమ కలిపితే సాగుతది, జొన్న సాగదు, గుంజి చూడు" అంది. గుంజా, టప్పున తెగింది. ఇంతకన్నా ల్యాబ్ రిపోర్ట్ ఏం కావాలి.

కూరలు మాత్రం చూసి తీసుకోవాలి. వంకాయ కూరలో నూనె తేలుతూ ఉంటుంది, నేను పప్పు గానీ బీరకాయ గానీ తీసుకుని, గోంగూర పచ్చడి నాలిక్కి రాసుకునేంత. ఉప్పు సంగతి కూడా ఉంది కదా, రోజుకి 5 గ్రాములు దాటొద్దంటారు, పచ్చడీ వెల్లుల్లి కారం దండిగా వేసుకుంటే ఆ కోటా ఒక్క పూటలో అయిపోద్ది. ఇంకో తలనొప్పి, పొగలు కక్కే పప్పుని పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి ముడేసి ఇస్తారు, నేను ఇంటి నుంచి స్టీల్ డబ్బా పట్టుకుపోతా, మొదట్లో నవ్వేవాళ్లు, ఇప్పుడు డబ్బా తెచ్చినోళ్లకి కాస్త ఎక్కువే పోస్తోంది ఆవిడ. దుమ్ము మాట నిజమే, మెయిన్ రోడ్డు మీద పెట్టిన బండ్ల దగ్గర తినకండి, లోపలి గల్లీల్లో ఉంటాయి, పిండి మీద మూత ఉందా లేదా ఒక చూపు చూసి ఆగండి.

జ్యూసుల గురించి అయితే ఒక్క ముక్క: పండు తినేయండి. వడగట్టి పీచంతా బుట్టలో పోసి, సిరప్ వేసి, 150 తీసుకుని డిటాక్స్ అంటే నమ్మబుద్ధి కాదు. పొద్దున్నే పార్కుల బయట అమ్మే మొలకలు, ఉప్పు వేయని మజ్జిగతో రాగి జావ ఓకే.

యాప్‌లో ఆర్డర్ పెట్టే ముందు కూడా ఆలోచించండి. 289 అని కనిపించిన బౌల్‌కి ప్యాకింగ్, డెలివరీ, 5 శాతం జీఎస్‌టీ, ప్లాట్‌ఫామ్ ఫీజు అన్నీ కలిసి 370 అయ్యింది పోయిన వారం, తీరా వచ్చేసరికి లెట్యూస్ వడిలిపోయి డ్రెస్సింగ్‌లో నానింది. జొన్న రొట్టె అయితే ఇంకా ఘోరం, ఇంటికి చేరేలోపు చెక్కైపోద్ది. ఇడ్లీ, పొంగలి, గుగ్గిళ్ల బౌల్ లాంటివి మాత్రం ప్రయాణం తట్టుకుంటాయి.

ఇన్ని ఉన్నా నాకు దొరకనిది ఒక్కటే, తోటకూర పప్పో పాలకూర పప్పో బాక్సు నిండా, తాలింపు తక్కువేసి, రెండు రొట్టెలతో మధ్యాహ్నం పన్నెండున్నరకి అమ్మే చోటు. రొట్టెలవాళ్లంతా సాయంత్రమే పెడతారు, మధ్యాహ్నం అందరూ రైస్ మీద పడ్డారు. అలాంటిది ఎక్కడైనా ఉంటే చెప్పండి, లంచ్ బ్రేక్‌లో నిజాంపేట దాకా అయినా వచ్చేస్తా.