కంపైల్ చేసిన స్క్రిప్ట్ మాత్రమే ఇస్తామనే మాడ్యూల్స్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

మీ అప్లికేషన్‌లో లువా (వేరే ప్రోగ్రాముల లోపల పెట్టి వాడుకునే చిన్న స్క్రిప్టింగ్ భాష) ఎంబెడ్ చేసి ఉండి, దానికోసం బయటినుంచి రెడీమేడ్ మాడ్యూల్ ఏదైనా కొనాలని చూస్తుంటే, సోర్స్ (మనుషులు రాసిన అసలు కోడ్) ఇవ్వం, కంపైల్ చేసిన బైట్‌కోడ్ (ఇంటర్‌ప్రెటర్ నేరుగా నడిపే రూపం) ఫైళ్లే ఇస్తాం అనేవాళ్ల దగ్గర దయచేసి డబ్బు కట్టకండి. మేం కట్టాం. ఆ డబ్బు ఇప్పటికీ తిరిగి రాలేదు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, మా కస్టమర్ల మెషీన్లలో అప్లికేషన్ కుప్పకూలుతుంటే కారణం ఏంటో తెలియక మా టీమ్ పడిన టెన్షన్ ఇంకెవరూ పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది సీ ప్లస్ ప్లస్ అప్లికేషన్, లోపల లువా 5.3 ఉంది. అదే అప్లికేషన్ 64 బిట్ డెస్క్‌టాప్ మీదా నడవాలి, 32 బిట్ ఏఆర్ఎమ్ చిప్ ఉన్న చిన్న డివైస్‌ల మీదా నడవాలి. రిపోర్ట్ టెంప్లేట్లు నింపే మాడ్యూల్ ఒకటి కావాల్సి వచ్చింది. అమ్మేవాళ్ల పేజీలో "లువా 5.3 ఉన్న ఏ హోస్ట్‌లోనైనా నడుస్తుంది, కంపైల్ చేసి ఇస్తాం కాబట్టి స్పీడు ఎక్కువ, కోడ్ భద్రం" అని రాసి ఉంది (హోస్ట్ అంటే లువాని తనలో పెట్టుకుని నడిపే అప్లికేషన్). 32 బిట్ డివైస్‌ల సంగతి కొనేముందే రాతపూర్వకంగా అడిగాం, నడుస్తుందనే జవాబిచ్చారు. డెమో చూపించారు, బాగానే నడిచింది, కాకపోతే ఆ డెమో 64 బిట్ మెషీన్ మీద.

డివైస్ మీద పెట్టగానే లోడ్ కాలేదు. సైజ్ మిస్‌మ్యాచ్ ఇన్ ప్రీకంపైల్డ్ చంక్ అని ఎర్రర్, అంటే ముందే కంపైల్ చేసిన చంక్‌లో (కోడ్ ముక్కలో) సైజులు సరిపోలట్లేదని. నిజానికి లువా ఇక్కడ చాలా మంచి పని చేసింది. కంపైల్ చేసిన ప్రతి లువా ఫైలుకీ మొదట్లో ఒక హెడర్ ఉంటుంది. మొదటి బైటు ఎస్కేప్ క్యారెక్టర్, తర్వాత మూడు బైట్లలో లువా అనే పేరు, ఐదో బైటులో వెర్షన్ (5.1కి హెక్స్‌లో 51, 5.3కి 53, 5.4కి 54). 5.3లో ఆ తర్వాత, ఫైలు దారిలో పాడైందో లేదో పట్టుకోవడానికి కొన్ని స్థిరమైన బైట్లు ఉంటాయి. వాటిలో మొదటి రెండు 19, 93, అంటే లువా పుట్టిన 1993. వాటి వెనకాల ఇంటిజర్ సైజు ఎంత, మెమరీ సైజుల్ని కొలిచే టైపు ఎన్ని బైట్లు, ఇన్‌స్ట్రక్షన్ ఎన్ని బైట్లు అనేవి వరసగా వస్తాయి. ఫైలు కంపైల్ అయిన మెషీన్‌లో ఆ మెమరీ సైజు టైపు 8 బైట్లు, మా డివైస్‌లో 4. అందుకే లోడర్ ఆ ఫైలు నాకొద్దు అని నిరాకరించింది. దీనికి సరైన పరిష్కారం ఒకటే: 32 బిట్ కంపైలర్‌తో అదే సోర్స్‌ని మళ్లీ కంపైల్ చేసి ఇవ్వడం. సోర్స్ చేతిలో ఉన్నవాడికి ఐదు నిమిషాల పని.

వాళ్లు ఆ పని చేయలేదు. "మీ లువా లైబ్రరీ బదులు మా లైబ్రరీని లింక్ చేసుకోండి, అందులో కంపాటబిలిటీ సపోర్ట్ ఉంది" అని ఒక బైనరీ పంపారు. అందులో ఏం మార్చారని అడిగితే ఇంటర్నల్ ఆప్టిమైజేషన్ అన్నారు. దాన్ని లింక్ చేశాక మాడ్యూల్ లోడ్ అయింది, టెస్టులన్నీ పాసయ్యాయి, రిపోర్టులు వచ్చాయి, అలా కొంతకాలం బాగానే నడిచింది. తర్వాత వాళ్ల దగ్గర్నుంచి ఒక అప్‌డేట్ వచ్చింది. దాంతో డెస్క్‌టాప్ మీద ఏ ఇబ్బందీ లేదు గానీ డివైస్‌ల మీద మాత్రం ఒక ఫైలు లోడ్ చేస్తే మెమరీ చాలదంటూ ఎర్రర్, ఇంకో ఫైలు లోడ్ చేస్తే ఏకంగా అప్లికేషన్ మొత్తం పడిపోవడం.

ఎందుకో తెలుసుకోవడానికి చాలా తవ్వాల్సి వచ్చింది. దొరికింది ఇది. లువా 5.3 బైట్‌కోడ్‌లో ఒక స్ట్రింగ్‌ని రాసేటప్పుడు దాని పొడవు 253 అక్షరాల లోపు ఉంటే (అక్షరాలంటే ఇక్కడ బైట్లు) ఆ పొడవుని ఒకే ఒక్క బైటులో రాస్తారు. అంతకు మించితే ముందు 255 అనే గుర్తు పెట్టి, తర్వాత అసలు పొడవుని ఆ మెషీన్ మెమరీ సైజు టైపులో రాస్తారు, అంటే 64 బిట్‌లో 8 బైట్లు, 32 బిట్‌లో 4 బైట్లు. పాత వెర్షన్‌లో ఉన్న స్ట్రింగులన్నీ చిన్నవే, అందుకే అంతా సవ్యంగా కనిపించింది. అప్‌డేట్‌లో ఒక టెంప్లేట్ హెడింగ్ పొడవు పెరిగి ఆ గీత దాటింది. మా డివైస్ ఆ 8 బైట్లలో 4 మాత్రమే చదివి పొడవు సరిగ్గానే తెలుసుకుంది, మిగిలిన 4 సున్నాలని టెంప్లేట్‌లో మొదటి నాలుగు అక్షరాలనుకుంది, చివరి నాలుగు అక్షరాలు బయట మిగిలిపోయాయి, అక్కడినుంచి ఫైలు చివరిదాకా ప్రతిదీ నాలుగు బైట్లు జరిగిపోయింది. టెంప్లేట్‌లోని అక్షరాన్ని టైపు గుర్తు అనుకుని, ఇంకేదో బైటుని పొడవు అనుకుని చదువుకుంటూ పోయింది. అలాంటి చోట వందల మెగాబైట్ల మెమరీ అడిగినా, లేని చిరునామాకి వెళ్లి ప్రాసెస్ చచ్చిపోయినా ఆశ్చర్యమేముంది!

అంటే వాళ్లు చెప్పిన కంపాటబిలిటీ సపోర్ట్ ఏంటంటే, లోడర్‌లో హెడర్ చెక్ తీసేయడం. తలుపుకి గడియ పడట్లేదని ఎవరైనా తలుపే పీకేస్తారా? ఇంజనీర్లమని చెప్పుకునేవాళ్లు, డబ్బు తీసుకుని, తెలిసి తెలిసి ఈ పని చేసి, ఆప్టిమైజేషన్ అని పేరు పెట్టి ఇంకొకరి ప్రొడక్ట్‌లోకి పంపారంటే నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

కొందరు అడుగుతారు, స్క్రిప్ట్‌ని పీకాల్‌లో (ఎర్రర్ వస్తే పట్టుకునే లువా ఫంక్షన్‌లో) చుట్టి పిలిస్తే ఎర్రర్ పట్టుకోవచ్చు కదా అని. మేమూ అలాగే పిలుస్తాం. అది పట్టేది లువా తనంతట తాను లేపిన ఎర్రర్‌ని మాత్రమే. చెడిపోయిన బైట్‌కోడ్ వర్చువల్ మెషీన్‌ని (బైట్‌కోడ్‌ని నడిపే లువా భాగాన్ని) తప్పుడు మెమరీలోకి తీసుకెళితే అక్కడ ఎర్రర్ లేపడానికి ఎవరూ ఉండరు, ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెస్‌ని చంపేస్తుంది, దాంతోపాటు మీ హోస్ట్ అప్లికేషన్, సేవ్ కాని డేటా అన్నీ పోతాయి. సోర్స్ టెక్స్ట్‌ని లోడ్ చేసేటప్పుడు కంపైలర్ సరైన బైట్‌కోడ్‌నే పుట్టిస్తుంది కాబట్టి ఈ బెడద ఉండదు. 5.1లో బైట్‌కోడ్‌ని పరీక్షించే వెరిఫయర్ ఒకటి ఉండేది, దాన్ని తప్పించుకునే దారులు బయటపడుతూ వచ్చాయి, 5.2లో దాన్ని తీసేశారు. ఇప్పుడు లువా మాన్యువల్ ఈ విషయం దాచకుండా చెబుతోంది: బైనరీ చంక్‌లు సరిగ్గా ఉన్నాయో లేదో లువా చూడదు, కావాలని చెడగొట్టి తయారుచేసినవి ఇంటర్‌ప్రెటర్‌ని కూల్చగలవు అని. కూల్చడం ఒక్కటే కాదు, తెలిసినవాడు చేతితో తయారుచేసిన బైట్‌కోడ్ శాండ్‌బాక్స్ (స్క్రిప్ట్ ఏం చేయొచ్చో పెట్టిన హద్దు) దాటి మీ ప్రాసెస్ మెమరీనే చదవగలదు. రెడిస్ అనే డేటాబేస్‌లో స్క్రిప్టుల ద్వారా బైట్‌కోడ్ లోడ్ చేయనివ్వడం సెక్యూరిటీ లోపంగా తేలి, 2015లో 2.8.21, 3.0.2 వెర్షన్లలో ఆ దారి మూసేశారు. మేం కొన్న మాడ్యూలేమో కొత్త ఫైళ్లని తనంతట తానే సర్వర్‌నుంచి దించుకుని లోడ్ చేసుకుంటుంది, వాటి మీద డిజిటల్ సంతకం కూడా లేదు. వాళ్ల సర్వర్ ఎవరి చేతికైనా చిక్కితే మా కస్టమర్ల గతి ఏంటని అడిగితే సపోర్ట్ టికెట్ మూసేశారు.

ఇక ఎర్రర్ మెసేజ్‌ల సంగతి. డీబగ్ సమాచారం తీసేసి కంపైల్ చేయడంతో ఫైలు పేరు, లైను నంబరు, లోకల్ వేరియబుల్ పేర్లు ఏవీ మిగల్లేదు. ఏ తప్పు జరిగినా లాగ్‌లో «?:-1:» అని మొదలవుతుంది. డివైస్ మీద రోజంతా నడిచే అప్లికేషన్‌లో, ఎక్కడో ఒక నిల్ (ఏమీ లేని) విలువని ఇండెక్స్ చేశారంటే అది ఏ ఫైలో ఏ లైనో చెప్పే ఆధారమే లేదు. అదే లాగ్ వాళ్లకి పంపితే "లైను నంబరు పంపండి" అని జవాబు. వాళ్లే తీసేసిన లైను నంబర్లు!

ప్రకటనలోని మిగతా రెండు మాటలూ తప్పే. స్పీడు అనేది అపోహ, లువా ఏ స్క్రిప్ట్‌నైనా నడిపేముందు ఎలాగూ బైట్‌కోడ్‌గానే మారుస్తుంది, ముందే మార్చి పెట్టుకుంటే లోడ్ అయ్యే సమయం కాస్త తగ్గుతుందేమో గానీ నడిచే వేగం పెరగదు, ఈ మాట కంపైలర్‌తో వచ్చే మాన్యువల్ పేజీలోనే ఉంది. కోడ్ భద్రం అన్నదీ అంతే. ఆ ఫైలుని మామూలు హెక్స్ వ్యూయర్‌లో తెరిస్తే స్ట్రింగులు, ఫంక్షన్ల పేర్లు, లైసెన్స్ చెక్ చేసేటప్పుడు చూపించే మెసేజ్‌లు అన్నీ చదవగలిగేలా కనిపించాయి. బైట్‌కోడ్‌ని తిరిగి సోర్స్‌గా మార్చే అన్‌లువాక్ లాంటి డీకంపైలర్లు ఎప్పటినుంచో అందరికీ అందుబాటులో ఉన్నాయి. కాబట్టి ఈ పద్ధతిలో అమ్మేవాడికి దొరికే రక్షణ పెద్దగా ఏమీ లేదు, కొన్నవాడు మాత్రం కట్టుబడిపోతాడు. రేపు మీరు హోస్ట్‌ని 5.4కి మార్చాలనుకుంటే వెర్షన్ బైటు దగ్గరే ఆగిపోతారు, ఇన్‌స్ట్రక్షన్లు కూడా మారాయి, వాళ్లు మళ్లీ కంపైల్ చేసి ఇచ్చేదాకా మీరు కదల్లేరు. లువాజిట్‌కి (లువా కోడ్‌ని నడిపే ఇంకో ఇంజిన్‌కి) మారదామన్నా కుదరదు, దాని బైట్‌కోడ్ ఫార్మాటే వేరు.

లువాకే పరిమితమైన గొడవ అనుకోకండి. పైథాన్‌లో 3.10 నుంచి 3.11కి వెళ్లినా కంపైల్ చేసిన ఫైళ్ల మ్యాజిక్ నంబర్ (ఫైలు మొదట్లో ఉండే వెర్షన్ గుర్తు) మారుతుంది, పాతవి చెల్లవు. క్విక్‌జేఎస్ అనే జావాస్క్రిప్ట్ ఇంజిన్ డాక్యుమెంటేషన్‌లో అయితే బైట్‌కోడ్‌ని నడిపేముందు ఎలాంటి భద్రతా పరీక్షా జరగదు, నమ్మకం లేని చోటునుంచి వచ్చినది లోడ్ చేయొద్దు అని సూటిగా రాశారు.

అలాగని ముందే కంపైల్ చేయడం తప్పని నేను అనట్లేదు. మన సోర్స్‌ని, మన బిల్డ్‌లో, ఆ డివైస్‌కి సరిపడే కంపైలర్‌తో మనమే కంపైల్ చేసుకుని, ప్యాకేజీ మీద సంతకం పెట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా వేరేవాళ్ల మెషీన్‌లో తయారైన బైట్‌కోడ్‌ని మన ప్రాసెస్‌లోకి కళ్లు మూసుకుని రానివ్వడంతోనే.

కొనక తప్పని పరిస్థితైతే డబ్బు కట్టేముందే సోర్స్ ఇస్తారా అని అడగండి. మార్చకూడదు, ఇతరులకి పంచకూడదు అనే షరతులతో ఇచ్చినా పర్లేదు. అస్సలు ఇవ్వమంటే, మీరు వాడే ప్రతి టార్గెట్‌కీ విడివిడిగా కంపైల్ చేసిన ఫైళ్లు, లైను నంబర్లున్న బిల్డ్, హోస్ట్ వెర్షన్ మారితే ఎన్నాళ్లలో మళ్లీ ఇస్తారనే హామీ, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. డెమో మీ డివైస్ మీదే చేయించుకోండి. రీఫండ్ షరతు తప్పకుండా చదవండి, "డౌన్‌లోడ్ చేశాక డబ్బు వాపసు లేదు" అనే ఒక్క వాక్యం చూపించి మా రీఫండ్ రిక్వెస్ట్‌ని తోసిపుచ్చారు.

హోస్ట్ వైపు కూడా ఒక జాగ్రత్త. 5.2నుంచి లోడ్ ఫంక్షన్లకి మోడ్ అనే ఆర్గ్యుమెంట్ ఉంది, అందులో టెక్స్ట్ మాత్రమే అని ఇస్తే బైట్‌కోడ్ ఏదీ లోపలికి రాదు. ఏమీ ఇవ్వకపోతే రెండూ వస్తాయి. సీ వైపు మూసేసి ఊరుకుంటే చాలదు, స్క్రిప్ట్ లోపలినుంచి పిలిచే లోడ్, లోడ్‌ఫైల్, డూఫైల్ కూడా బైనరీని తీసుకుంటాయి కాబట్టి శాండ్‌బాక్స్‌లో వాటినీ కట్టడి చేయాలి. 5.1 వాడుతుంటే మోడ్ లేదు, మొదటి బైటు ఎస్కేప్ క్యారెక్టరా కాదా అని మీరే చూసి తిప్పి పంపాలి. మరీ తప్పదనుకుంటే కొన్న మాడ్యూల్‌ని వేరే ప్రాసెస్‌లో నడపండి, పడిపోతే అదొక్కటే పడిపోతుంది.

మేం ఆ మాడ్యూల్ తీసేశాం, టెంప్లేట్లు నింపే పని మేమే రాసుకుంటున్నాం, అసలు లువా లైబ్రరీని తిరిగి పెట్టుకున్నాం.

ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీ కొని, దాంతోపాటు వాళ్లిచ్చిన లైబ్రరీని కూడా లింక్ చేసుకున్నవాళ్లు ఉంటే ఈరోజే ఒక పరీక్ష చేయండి. మీ సొంత చిన్న స్క్రిప్ట్‌ని 5.3 కంపైలర్‌తో కంపైల్ చేసి, కాపీ తీసి, హెక్స్ ఎడిటర్‌లో ఐదో బైటుని 53నుంచి 52కి మార్చి, ఆ లైబ్రరీతో లోడ్ చేయించి చూడండి. అసలు లువా అయితే వెర్షన్ మిస్‌మ్యాచ్ అని అక్కడే ఆపేస్తుంది. మాకు వచ్చిన లైబ్రరీ కిమ్మనకుండా తీసుకుంది. మీదీ అలాగే తీసుకుంటే, తర్వాతి రిలీజ్ దాకా ఆగకుండా దాన్ని మీ బిల్డ్‌లోంచి తీసేయండి.